గ్లాసుకు చిల్లు పడలేదు చరణ్

అనంతపురం

చిరంజీవులు వాసంతికి, చరణ్‌కు మీ జేజి ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. దసరా సెలవులకు మీరు వచ్చినప్పుడు చరణ్ ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్లు స్టీలు గ్లాసులో పోసుకుని బల్ల మీద పెట్టి ఆటలో పడిపోయాడు. తిరిగొచ్చి చూస్తే గ్లాసు బయటంతా తడి, కింద చిన్న మడుగు. "జేజీ, గ్లాసుకు చిల్లు పడింది" అని పరుగెత్తుకొచ్చాడు. వాసంతి పకపకా నవ్వింది. నేను ఉగ్గానికి బొరుగులు నానబెట్టి పొయ్యి దగ్గర ఉన్నాను. "చిల్లు కాదురా, అవి గాలిలో నీళ్లు" అని ఒక్క ముక్క చెప్పి పంపేశాను. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, అంత మంచి ప్రశ్నకు అంత చిన్న జవాబు ఇచ్చానే అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

మీరు బెంగళూరు వెళ్లిన కొద్ది రోజులకే, అక్టోబర్ 8న, 2025 సంవత్సరానికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. టీవీలో ఆ వార్త వింటుంటే నాకు చరణ్ గ్లాసే గుర్తొచ్చింది.

ముందు ఒక లెక్క. మన నడిమింటి గది పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు అనుకోండి. మే నెల మధ్యాహ్నం, నలభై డిగ్రీల ఎండ, గాలిలో తేమ ఇరవై శాతమే. పెదవులు పగిలిపోయే పొడి అది. అప్పుడు కూడా ఆ గదిలోని గాలిలో పావు లీటరుకు పైగానే నీళ్లుంటాయి, ఆవిరి రూపంలో. చల్లటి గ్లాసు తగిలితే ఆ ఆవిరి కొంత నీరుగా మారి దానికి అంటుకుంటుంది. చరణ్ చూసింది అదే. అయితే గాలి ఎంత పొడిగా ఉంటే గ్లాసు అంత ఎక్కువ చల్లగా ఉండాలి. ఎడారిలో గాలిని అంతగా చల్లబరచడానికి చాలా కరెంటు కావాలి. చల్లబరచకుండానే ఆ ఆవిరిని పట్టుకోగలమా అన్నది అసలు ప్రశ్న.

పట్టుకునే పదార్థాన్ని తయారు చేసే దారి వేసింది ఆ నోబెల్ అందుకున్న ముగ్గురు. ఆస్ట్రేలియాలో రిచర్డ్ రాబ్సన్, జపాన్‌లో సుసుము కితగావా, అమెరికాలో ఒమర్ యాఘీ. వాళ్లు చేసిన పదార్థాలను మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు అంటారు, పొట్టిగా ఎంఓఎఫ్‌లు. పేరు చూసి భయపడకండి. వేసవిలో మన ఇంటి ముందు వేసే చలువ పందిరి ఉంది కదా, అలాంటిదే. పందిట్లో వెదురు బొంగులు ఉంటాయి, బొంగులు కలిసే చోట తాడుతో ముడి వేస్తారు. ఎంఓఎఫ్‌లో ముడి ఉన్న చోట లోహపు పరమాణువులు, బొంగుల స్థానంలో కార్బన్ ఉన్న పొడుగాటి అణువులు. అలా పందిరి మీద పందిరి, పక్కన పందిరి, కోట్లాదిగా. పైకి చూస్తే పిడికెడు పొడి. లోపలంతా గదులే.

ఆ గదుల వల్ల ఏం జరుగుతుందంటే, ఒక పెద్ద హాలుకు సున్నం కొట్టడానికి ఎంత సున్నం కావాలో, అదే హాలును వంద చిన్న గదులుగా కడితే ఎంత కావాలో ఆలోచించండి. గోడలు పెరిగే కొద్దీ సున్నం పెరుగుతుంది. 1999లో యాఘీ బృందం చేసిన ఎంఓఎఫ్-5 అనే పదార్థం కొన్ని గ్రాములు తీసుకుంటే, దాని లోపలి గోడలన్నీ కలిపి ఒక ఫుట్‌బాల్ మైదానమంత. ఆవిరి వచ్చి అంటుకోవడానికి అంత చోటు!

రాబ్సన్ కథ నాకు టీచరుగా బాగా నచ్చింది. 1974లో ఆయన మెల్‌బోర్న్ యూనివర్సిటీలో విద్యార్థులకు అణువుల ఆకారం చూపించడానికి చెక్క బంతులు చేయించాడు. పుల్లలు గుచ్చడానికి ఏ బంతికి ఎక్కడ చిల్లులు పెట్టాలో గుర్తులు పెడుతుండగా ఆయనకు తట్టింది: చిల్లు ఎక్కడుందో తెలిస్తే చాలు, బొమ్మ దానంతట అదే సరైన ఆకారానికి వచ్చేస్తోంది. నిజం అణువులతో కూడా ఇలాగే కట్టొచ్చా? ఆ ఆలోచన పదేళ్లకు పైగా ఆయన మనసులోనే ఉంది. 1989లో రాగిని ముడిగా పెట్టి కట్టి చూపించాడు. అయితే అది తొందరగా కూలిపోయేది. కితగావా 1997లో కూలకుండా నిలిచేవి చేసి, వాటిలోకి వాయువులు వెళ్లి తిరిగి బయటికి రాగలవని చూపించాడు. మొదట్లో ఆయన పనికి డబ్బివ్వడానికి సంస్థలు ఒప్పుకోలేదట. ఇవి దేనికి పనికొస్తాయి అని అడిగారు.

యాఘీ జోర్డాన్‌లోని అమ్మాన్ నగరంలో, పాలస్తీనా నుంచి వచ్చిన శరణార్థుల కుటుంబంలో 1965లో పుట్టాడు. ఇంటిల్లిపాదీ ఒకే గది, పశువులు కూడా అక్కడే. వాళ్ల పేటకు కొళాయి నీళ్లు వారానికో, రెండు వారాలకో ఒకసారి, కొన్ని గంటలు మాత్రమే వచ్చేవి. ఆ వేళకు లేచి దొరికిన గిన్నెలన్నీ నింపుకోవాలి. ఇది చదివి కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను. మీ నాన్న చిన్నప్పుడు మన వీధిలోనూ అంతే. రాత్రి రెండింటికి కొళాయి గుర్రుమని శబ్దం చేస్తే చాలు, వీధి వీధంతా బిందెలతో లేచేది. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడ పుట్టినవాళ్లకు నిద్రలో కూడా నీళ్ల చప్పుడు వినిపిస్తుంది.

ఆ పిల్లవాడు పదేళ్ల వయసులో లైబ్రరీలో ఒక పుస్తకంలో బంతులు, పుల్లల బొమ్మలు చూసి ముచ్చటపడ్డాడు. అవి అణువులని తర్వాత తెలిసింది. పదిహేనేళ్లకు చదువు కోసం అమెరికా వెళ్లాడు. 2018లో ఆయన బృందం అరిజోనా ఎడారిలో ఒక పెట్టె పెట్టింది. రాత్రి మూత తెరిస్తే లోపలి ఎంఓఎఫ్ పొడి, గాలిలోని ఆవిరిని పీల్చుకుంటుంది. పొద్దున మూత వేస్తే ఎండ వేడికి ఆ ఆవిరి బయటికొచ్చి, పెట్టె గోడలకు తగిలి నీరై కారుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు. చరణ్ గ్లాసు లాంటిదే, పొడి ముందుగా ఆవిరిని పోగుచేసి పెడుతుందన్న మాట.

ఎన్ని నీళ్లు వచ్చాయో కూడా చెప్పాలి. కిలో పొడికి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుకు కొంచెం ఎక్కువ. మరుసటి ఏడాది అల్యూమినియంతో చేసిన కొత్త పొడితో మొహావీ ఎడారిలో కిలోకు 0.7 లీటర్ల దాకా వచ్చాయి. మనిషికి రోజుకు తాగడానికే రెండు మూడు లీటర్లు కావాలి. దీనితో మన శెనక్కాయ చేలు తడుస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. వంకలో చెక్‌డ్యామ్, ఊరి చెరువులో పూడిక తీయడం, వీటి పని వీటిదే. కానీ లారీ వెళ్లలేని చోట, బోరు నీళ్లు తాగకూడని చోట ఒక ఇంటికి తాగే నీళ్లు దొరికినా అది చిన్న సంగతి కాదు.

తాగకూడని నీళ్లు అన్నాను కదా. వాసంతీ, నువ్వోసారి నా పళ్ల మీద గోధుమరంగు చారలు చూసి "జేజీ, టీ ఎక్కువ తాగుతావా?" అని అడిగావు. టీ వల్ల కాదమ్మా. నేను నాలుగో తరగతిలో ఉండగా మా అయ్యవారు అందరి ముందూ నిలబెట్టి, పళ్లు తోముకోని పిల్ల అని చూపించారు. ఇంటికొచ్చి ఇటుక పొడితో చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా తోముకున్నాను. చార పోలేదు. మా ఊళ్లో సగం మంది పిల్లలకు ఉన్నదే అది. మీ ముత్తాతకు యాభై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిరిగేవాడు. గ్రహచారం అనుకున్నారు. అది మా బావి నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్.

మన నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. దానిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. రాతి సందుల్లో నీళ్లు ఏళ్ల తరబడి నిలవుంటే అవి కొద్దికొద్దిగా కరిగి ఫ్లోరైడ్‌గా నీళ్లలో చేరతాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. ఎనిమిదేళ్ల లోపు, పళ్లు లోపల తయారవుతున్నప్పుడు ఎక్కువ ఫ్లోరైడ్ పడితే పంటి పై పొర సరిగ్గా ఏర్పడదు, ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. ఇంకా ఎక్కువగా, ఎన్నో ఏళ్లు తాగితే ఎముకలు మందమై, కీళ్లను పట్టి ఉంచే తంతువులు సున్నం పట్టి బిగుసుకుంటాయి. ఇలాంటి మచ్చలకు కారణం ఏమిటో తెలియడానికి అమెరికాలో ముప్పై ఏళ్లు పట్టింది. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే కుర్ర పంటి డాక్టరు కొలరాడోలో ఆ పళ్లు చూశాడు. నీళ్లలోనే ఏదో ఉందని అనుమానించాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను కొత్త పద్ధతిలో పరీక్షించి ఫ్లోరైడ్ అని తేల్చాడు. మన దేశంలో 1937లో నెల్లూరు వైపు ఈ జబ్బును గుర్తించి రాశారు. అంటే మా అయ్యవారు నన్ను నిలబెట్టే నాటికే ఆ సంగతి ప్రపంచానికి తెలుసు. మా బడికి మాత్రం చేరలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ నీళ్లు తాగితే తియ్యగానే ఉంటాయి. మరగబెడితే అది పోదు. నీళ్లు ఆవిరైపోయి మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది. మన చుట్టాల్లో ఇప్పటికీ కాచి తాగుతున్నాం కాబట్టి భయం లేదనేవాళ్లున్నారు. క్రిములకు కాచడం మంచిదే, ఫ్లోరైడ్‌కు పనికిరాదు.

దాన్ని తీయడానికి మన దగ్గరే ఒక దారి కనిపెట్టారు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతి తెచ్చింది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. పటికలో పని చేసేది అల్యూమినియం. ఫ్లోరైడ్‌కు అల్యూమినియం అంటే మహా ఇష్టం. ఇప్పుడు ఎంఓఎఫ్‌ల దగ్గరికి మళ్లీ వద్దాం. అల్యూమినియాన్నే ముడిగా పెట్టి కట్టిన ఒక ఎంఓఎఫ్‌తో నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టవచ్చని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2016లో చూపించారు. పటికలో పని చేసే ఆ అల్యూమినియాన్నే ఇక్కడ గదులు గదులుగా పరిచారన్న మాట. ఇది ఇంకా ప్రయోగశాల దశ. మా ఊరికి మాత్రం 1990లలో సత్యసాయి తాగునీటి పథకం పైపులు వచ్చాక నీళ్లు మారాయి. ఆ తర్వాత పుట్టిన మీ నాన్న పినతల్లి పిల్లల పళ్లు చూడండి, తెల్లగా మెరుస్తుంటాయి.

కంటికి కనబడని ఇంకో సంగతి శెనక్కాయలది. క్లుప్తంగా చెబుతాను. కాయ ఊరే సమయంలో వాన లేక బెట్ట పడితే, లేదా తడి కాయల్ని బస్తాల్లో కడితే, ఒక బూజు చేరుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయానికి కేన్సర్ తెచ్చే విషం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండిలో ఇది బయటపడింది. వేయిస్తే పూర్తిగా పోదు. 2017లో హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, అమెరికా వాళ్లతో కలిసి, ఒక వేరుశనగ మొక్కను తయారు చేశారు. ఆ మొక్కలో తయారైన చిన్న ఆర్‌ఎన్‌ఏ (కణాల్లో జన్యువుల సందేశాలు మోసే పదార్థం) ముక్కలు బూజు లోపలికి వెళ్లి విషం చేసే జన్యువు నోరు నొక్కేస్తాయి. అది రైతుల పొలాలకు రాలేదు. అందాకా ముడుచుకున్న గింజ, నల్లబడ్డ గింజ, చేదు తగిలిన గింజ నోట్లో ఉన్నా సరే ఉమ్మేయండి. పోనీలే ఒక్కటే కదా అనుకోవద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టి తెండి. గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుకు తగులుకుంటుంది. మా ఊరి పాత బావి నీళ్లు నేను తెప్పిస్తాను. ఫ్లోరైడ్ పరీక్ష చేసే కిట్ ఒకటి కొన్నాను. చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగుకు వస్తాయి, ఫ్లోరైడ్ ఎంత ఉంటే అంత పసుపులోకి తిరుగుతాయి. వాసంతి రంగు చూసి అంకె చెప్పాలి, చరణ్ నోట్‌బుక్‌లో రాయాలి. నా అద్దాలతో ఆ రెండు రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియడం లేదు.

ఉంటాను,
మీ జేజి