చీమకుర్తి గెలాక్సీ చిన్న బొమ్మలో ఎందుకు నల్లబడింది?

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడిపే పాఠకుడొకరు చక్కటి ప్రశ్న పంపారు. వర్డ్‌ప్రెస్‌లో వెబ్‌సైట్ పెట్టుకున్నారాయన. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ స్లాబు ఫొటో తెరిస్తే బంగారు చుక్కలు మిలమిలలాడుతున్నాయి. కేటలాగు పేజీలో చిన్న బొమ్మగా మారేసరికి ఉత్త నల్ల పలక. పైగా సెట్టింగ్స్‌లో సైజు పెంచినా ఏమీ మారలేదట.

మారకపోవడానికి కారణం తేలికే. ఫొటో అప్‌లోడ్ కాగానే వర్డ్‌ప్రెస్ చిన్న కాపీలన్నీ చేసి పెట్టేసుకుంటుంది. మామూలుగా 150×150 పిక్సెళ్లకు కత్తిరించిన థంబ్‌నెయిల్, 300 దాటని మీడియం, 1024 దాటని లార్జ్, ఇంకొన్ని. మీడియా సెట్టింగ్స్‌లో అంకెలు మారిస్తే ఆ తర్వాత ఎక్కించే ఫొటోలకే వర్తిస్తుంది. పాతవాటికి రీజెనరేట్ థంబ్‌నెయిల్స్ ప్లగిన్ నడపాలి.

అసలు విశేషం ఆ నల్లబడటంలో ఉంది. గెలాక్సీలో మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. మూడు మీటర్ల స్లాబును 4000×3000 ఫొటో తీస్తే ఒక్కో పిక్సెల్‌కు ముప్పావు మిల్లీమీటరు రాయి వస్తుంది. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు చుక్క సుమారు 3×3, అంటే 9 పిక్సెళ్లు. మధ్యలోని 3000×3000 చదరాన్ని 150×150కి కుదిస్తే 400 పిక్సెళ్లు కలిసి ఒక్కటవ్వాలి.

నెల్లూరు బియ్యం కొనేవాళ్లు బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు లాగి చూస్తారు. బొమ్మను కుదించేందుకు 400లో ఒక్క పిక్సెల్‌ను మాత్రం ఎత్తుకోవడం అలాంటిదే. గొట్టానికి రాయి తగిలిందా, బస్తా అంతా రాళ్లే అనుకుంటాం. తగల్లేదా, రాయే లేదనుకుంటాం. బొమ్మలోనూ అంతే: చుక్క తగిలితే దాని వైశాల్యం 44 రెట్లు ఉబ్బుతుంది, తగలకపోతే మాయమవుతుంది. అందుకే మంచి పద్ధతులు బస్తా మొత్తం కుమ్మరించి సగటు కడతాయి.

చిక్కు ఆ సగటులోనే ఉంది! ఫైల్‌లోని 0 నుంచి 255 దాకా ఉండే సంఖ్యలు కాంతి కొలతలు కావు. మన కన్ను చీకటి ఛాయల్లో తేడాలను బాగా పసిగడుతుంది కాబట్టి ఎక్కువ సంఖ్యలను చీకటి వైపే కేటాయించారు. సంఖ్యను 255తో భాగించి 2.2 ఘాతానికి పెంచితే సుమారుగా కాంతి వస్తుంది. సగం నలుపు, సగం తెలుపు ఉన్నచోట సంఖ్యల సగటు 128. తెర మీద 128 ఇచ్చే వెలుగు తెలుపులో 22 శాతమే. సగం వెలుగు రావాలంటే 188 ఉండాలి.

మన చుక్కను పూర్తి తెలుపనీ, చుట్టూ పూర్తి నలుపనీ అనుకుందాం. సంఖ్యల సగటు: 9×255ను 400తో భాగిస్తే 6 కూడా రాదు. కాంతినే సగటు కడితే 2.25 శాతం, దాని సంఖ్య 41. నలభై ఒకటి రావలసిన చోట ఆరు! బొమ్మలు కుదించడానికి వర్డ్‌ప్రెస్ వాడే జీడీ, ఇమేజిక్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ మామూలుగా సంఖ్యలనే సగటు కడతాయి. కంప్యూటర్ క్లాసుల్లో మెగాపిక్సెళ్లు బట్టీ పట్టిస్తారు గానీ ఈ మాట చెప్పరు. అందుకే "300 డీపీఐ పెడితే క్వాలిటీ పెరుగుతుంది" లాంటి మూఢనమ్మకాలు పుడతాయి. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని ప్రింటుకు ఇచ్చే సూచన; అది మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పెరగదు.

ఇమేజిక్ వెనకుండే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాములో ఫొటోను ముందు లీనియర్ ఆర్‌జీబీకి (సంఖ్యలే కాంతి కొలతలయ్యే రూపానికి) మార్చి, కుదించి, తిరిగి మామూలు ఫైళ్ల రూపమైన ఎస్‌ఆర్‌జీబీకి తెస్తే లెక్క సరిపోతుంది. అయినా దక్కేది సరైన బూడిద రంగే. పిక్సెల్ కంటే చిన్న చుక్కను విడిగా చూపడం ఏ సూత్రం వల్లా కాదు.

కాబట్టి కేటలాగు బొమ్మకు స్లాబు మొత్తం వద్దు. అడుగు మేర రాయిని దగ్గరగా, ఫ్రేము నిండా తీయండి. థీమ్‌లో యాడ్ ఇమేజ్ సైజ్ ఫంక్షన్‌తో 400×400 క్రాప్ సైజు పెట్టించండి. అప్పుడు పిక్సెల్‌కు మళ్లీ ముప్పావు మిల్లీమీటరే పడుతుంది. పెద్ద ఫొటోలో కనబడే సైజు చుక్కలు చిన్నదాంట్లోనూ కనబడతాయి. స్లాబు నిండు ఫొటో క్లిక్ చేస్తే తెరుచుకునేలా ఉంచితే చాలు.