బిచ్రీ బావుల బకాయి

రాత్రిపూట ట్యాంకర్ వచ్చి నాలా పక్కన ఆగుతుంది. పైపు వదిలి, తెల్లారేలోపు వెళ్లిపోతుంది. హైదరాబాద్ పారిశ్రామికవాడల చుట్టూ ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. ట్యాంకర్ పట్టుబడినప్పుడల్లా ‘పాడుచేసినవాడితోనే కట్టించాలి’ అంటాం. ఈ మాటకు మన దేశంలో గట్టి చట్టబలం వచ్చింది రాజస్థాన్‌లోని ఓ పల్లె వల్ల. ఉదయ్‌పూర్ దగ్గరి ఆ ఊరి పేరు బిచ్రీ.

1988 ప్రాంతంలో అక్కడి ఫ్యాక్టరీల్లో హెచ్-యాసిడ్ తయారీ మొదలైంది. అద్దకపు రంగుల్లో వాడే రసాయనం, ఎగుమతి సరుకు. దాని వ్యర్థం ఎంత విషమంటే, పాశ్చాత్య దేశాలు తయారీని వదిలించుకున్నాయి కానీ వాడకం మానలేదు. బిచ్రీలో సుమారు 375 టన్నుల సరుకు తయారైతే దాదాపు 2,440 టన్నుల విషపు బురద పోగైంది. సరుకు దేశం దాటింది, బురద ఊళ్లో మిగిలింది.

దాన్ని ఫ్యాక్టరీ లోపలా బయటా ఆరుబయటే పోశారు. వానలకు విషం నేలలోకి దిగి బావుల్లో నీళ్లు రంగు మారాయి. మనుషులు తాగలేరు, గొడ్లకు పెట్టలేరు, పొలానికి పారించలేరు. జనం తిరగబడితే అధికారులు 144 సెక్షన్ పెట్టారు. ఫ్యాక్టరీ మూతపడింది. గేటుకు తాళం వేసినంత మాత్రాన బురద ఎక్కడికి పోతుంది?

1989లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే పర్యావరణ స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకెక్కింది. బురదను భద్రంగా పూడ్చమని కోర్టు చెప్పింది. యాజమాన్యం కొంత పూడ్చి, మిగిలినదాన్ని అటూ ఇటూ చల్లి పైన మట్టి కప్పేసింది. తనిఖీకి వచ్చేవాళ్ల కంట పడకూడదని! ఈ కేసులో నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. తెలియక చేశారనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, రెండోవారు జస్టిస్ కిర్పాల్. ప్రమాదకరమైన పని చేసేవాడు ఎంత జాగ్రత్త తీసుకున్నా సరే, జరిగిన నష్టానికి తనే బాధ్యుడని తేల్చారు. బాధితుల పరిహారమే కాదు, నేలనూ నీటినీ బాగుచేసే ఖర్చూ అతనిదే. ఆ ఖర్చును 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం రాబట్టవచ్చన్నారు. పరిహారం కోసం మాత్రం ఊరివాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాల్సిందే. బావి పోగొట్టుకున్న రైతుకు అదెంత భారమో వేరే చెప్పాలా?

శుభ్రం చేసే ఖర్చు 37.385 కోట్ల రూపాయలని లెక్క తేలింది. దాన్ని కట్టమని 1997 నవంబర్ 4న కోర్టు ఆదేశించింది. కంపెనీలు కట్టలేదు. పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ ఏళ్లు నెట్టుకొచ్చాయి. చివరికి 2011 జులైలో సుప్రీంకోర్టు, వాయిదాలతో లాభపడనివ్వకూడదంటూ, ఆ 1997 తేదీ నుంచి కట్టేదాకా 12 శాతం చక్రవడ్డీ వేసింది. కోర్టు ఖర్చుల కింద మరో 10 లక్షలు.

బిచ్రీ కేసు వేసిన ఆ స్వచ్ఛంద సంస్థే 1990లో పటాన్‌చెరు కాలుష్యంపైనా సుప్రీంకోర్టుకు వెళ్లింది. నక్కవాగు పక్క ఊళ్ల ఆ గోడు అక్కణ్నుంచి హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. పర్యావరణ కేసులకు ప్రత్యేక కోర్టులు ఉండాలని బిచ్రీ తీర్పులోనే అన్నారు. 2010లో ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ‘పాడుచేసినవాడే కట్టాలి’ అన్న సూత్రం దాని 20వ సెక్షన్‌లో ఉంది.

శిక్షల సంగతి వేరు. పర్యావరణ చట్టంలో ఒకప్పుడు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన్ విశ్వాస్ చట్టం దాన్ని తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఇప్పుడు జైలు మాట వచ్చేది ఆ జరిమానా కట్టనప్పుడే. ఇక ట్యాంకర్ సంగతికొస్తే, 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం గేటు దాటాలంటే అదెక్కడిదో, ఎక్కడికో రాసిన మ్యానిఫెస్ట్ వెంట ఉండాలి. నాలా పక్కన దొరికేది డ్రైవరే. నష్టానికి బాధ్యత మాత్రం ఆ వ్యర్థం పుట్టిన ఫ్యాక్టరీది.