బంతి ఎందుకు ఎగరలేదు?

బుజ్జీ, చిన్నా,

మొన్న వీడియో కాల్‌లో చిన్నా అడిగిన దానికి అప్పుడే జవాబు చెబుదును, మీ అమ్మ హోంవర్క్ అంటూ ఫోన్ లాక్కుంది. నాలుగు గోడల మధ్య రాకెట్‌తో ఆడే మీ రాకెట్‌బాల్‌లో మీ కోచ్ గట్టిగా కొట్టిన బంతి ముందుగోడకు తగిలి, ఎగరకుండా నేలమీద దొర్లుకుంటూ వచ్చేసిందట. "మామూలుగా అంతెత్తు లేచే బంతి కదా తాతయ్యా, అప్పుడెందుకు లేవలేదు?" అని కదూ?

మీ కోర్టును మనింట్లో క్యారమ్ బోర్డు అనుకోండి. స్ట్రైకర్ ఏ వాలున వెళ్ళి అంచుకు తగిలితే దాదాపు అదే వాలున అటువైపుకి మళ్ళుతుంది. మీ ఆటలో పక్కగోడలు, వెనకగోడ, పైకప్పు అన్నీ అంచులే. సర్వీసుకు వేరే నియమాలున్నాయి గానీ, ఆట మధ్యలో బంతి వీటిలో దేన్ని తాకినా ఫర్వాలేదు. నేలకు తగిలేలోపు ముందుగోడను తాకితే చాలు. మూల దగ్గర పక్కగోడకు కొట్టి, అక్కణ్ణుంచి ముందుగోడకు పంపే పించ్ షాట్ ఉందే, అది అచ్చంగా మన రీబౌండే.

నా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయం అరుగుమీద ఒక బోర్డు ఉండేది. వానకు తడిసి ఒక అంచు ఉబ్బిపోయింది. స్ట్రైకర్ అక్కడ తగిలితే ఇక కదిలేది కాదు. ఆ వైపు ఎవరు కూర్చోవాలని రోజూ గొడవే. మా పెదనాన్నగారి అబ్బాయి మాత్రం అడిగి మరీ అక్కడే కూర్చునేవాడు. అంచుతో పనిలేకుండా నేరుగా కొట్టడం మరిగాడు, మమ్మల్నందర్నీ ఓడించేవాడు. పాడైన వైపు కూర్చున్నవాడికే ఆట బాగా వస్తుందేమో! సరే, ఎటో పోయాను.

ఈ ఆటను 1950లో కనెక్టికట్ రాష్ట్రం గ్రీనిచ్‌లో జో సోబెక్ అనే ఆయన మొదలుపెట్టాడు. అప్పటికే ఉన్న హ్యాండ్‌బాల్ కోర్టుల్లో పొట్టి పిడి రాకెట్‌తో ఆడాడు, అందుకే ఈ గోడల గోల. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఇంత ఎత్తున్న బోర్డులో క్యారమ్‌లో లేని చిక్కొకటి ఉంది. బంతి కిందికి పడుతుంది. ఎంత ఎత్తునుంచి పడితే దాన్నిబట్టే లేస్తుంది. గోడకు బెత్తెడు ఎత్తున తగిలిన బంతికి పడడానికే చోటు లేదు, ఇక లేవడం ఎక్కడిది? అదే మీరు చూసిన రోలౌట్. దాన్ని తిరిగి కొట్టడం ఎవరి తరమూ కాదు.

అలా కొట్టడానికి మీ కోచ్ బంతి మోకాలి కిందికి దిగేదాకా ఆగి ఉంటాడు. భుజం ఎత్తులో ఉండగానే కిందికి బాదితే అది గోడ మీంచి నేలకు గుద్దుకుని మళ్ళీ లేస్తుంది. మరీ ఆశపడి కిందికి కొడితే గోడకంటే ముందు నేలకే తగులుతుంది. స్కిప్! ర్యాలీ, అంటే ఆ విడత ఆట, పోయినట్టే. బంతి ఎత్తుగా వస్తే టెన్షన్ పడకుండా పైకప్పుకు కొట్టండి. అది ముందుగోడకు తగిలి, నేలమీద పడి, ఎత్తుగా లేచి వెనకమూలకు పోతుంది. ఎదుటివాడు దాని వెనక పరుగెత్తాల్సిందే.

క్యారమ్స్‌లో ఎదుటివాడి చెయ్యి బోర్డుమీద ఉంటే స్ట్రైకర్ కొట్టం కదా. ఇక్కడా అంతే. మీ దెబ్బకు అడ్డంగా మనిషి ఉంటే రాకెట్ ఆపి "హిండర్" అనండి, ఆ ర్యాలీ మళ్ళీ ఆడతారు. ఒక పాయింటు కోసం ఎవరి వీపూ వాచకూడదు. కళ్ళకు దెబ్బ తగలకుండా కాపాడే ఆట అద్దాలు పెట్టుకోకుండా అసలు లోపలికే వెళ్ళకండి.

ఈసారి మీ కోచ్ ఆడుతుంటే అద్దం గోడ బయట నేలమీద కూర్చోండి. బంతిని చూడొద్దు. కొట్టిన మరుక్షణం ఆయన ఎక్కడికెళ్ళి నిలబడుతున్నాడో చూడండి. అక్కడికే ఎందుకో మీరిద్దరూ ఆలోచించి నాకు రాయండి.

మీ తాతయ్య