చెవిలో చుక్కలు వేసే ముందు కర్ణభేరి సంగతి తెలియాలి

చెవిపోటు రాగానే మందుల షాపులో చుక్కల సీసా అడిగి తెచ్చుకోవడం మనకు అలవాటు. అది పనిచేస్తుందా లేదా అన్నది జబ్బు కర్ణభేరికి ఇవతల ఉందా, అవతల ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

జలుబు చేసిన పిల్లలు అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడుస్తుంటే, ఆ పోటు చాలాసార్లు మధ్యచెవిది, అంటే కర్ణభేరికి అవతలిది. కర్ణభేరికి చిల్లు లేకపోతే యాంటీబయాటిక్ చుక్కలు అక్కడికి చేరవు. నొప్పికి బరువును బట్టి పారాసెటమాల్, అవసరమని డాక్టరు చెబితే నోటి మందు ఇవ్వాలి.

చెవి డొప్ప పట్టి లాగితే నొప్పి ఎక్కువైందంటే బయటిచెవి కాలువ వాచినట్టే. ఈత కొట్టేవాళ్లకూ, పిన్నీసుతో గులిమి తీసుకునేవాళ్లకూ ఇది తరచుగా వస్తుంది. ఇక్కడ చుక్కలే అసలు మందు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 0.3 శాతం చుక్కల్లో మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు 500 మిల్లీగ్రాముల మాత్రగా మింగితే రక్తంలో మిల్లీలీటరుకు రెండు మూడు మైక్రోగ్రాములకు మించదు. అంటే దాదాపు వెయ్యో వంతు!

కర్ణభేరికి చిల్లుపడి, నెలల తరబడి చీము కారే చెవికి కూడా మాత్రలకన్నా సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలే మేలు. కాకపోతే చీము తుడవకుండా వేస్తే మందు దానిమీదే తేలిపోతుంది. జెంటమైసిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలతో మాత్రం జాగ్రత్త. చిల్లులోంచి లోపలిచెవికి చేరితే వినికిడి కణాలను చంపగలవు, చచ్చిన కణాలు మళ్లీ పుట్టవు. ఎక్కువ రోజులు వాడేకొద్దీ ముప్పు పెరుగుతుంది. పాత సీసా మిగిలింది కదా అని వేసుకోవద్దనేది అందుకే.

వేసే పద్ధతి కూడా ముఖ్యమే. సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచాలి. చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరుగుతాయి. పక్కకు పడుకోబెట్టి, పెద్దవాళ్లకైతే చెవి డొప్పను పైకీ వెనక్కీ, పసిపిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగి చెప్పినన్ని చుక్కలు వేయాలి. రంధ్రం ముందున్న బుడిపెను నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. స్నానమప్పుడు వాజలైన్ రాసిన దూది పెట్టాలి.

వారాల తరబడి వేస్తూ పోతే చెవిలో ఫంగస్ పెరగొచ్చు. విపరీతమైన దురద, తడిసిన కాగితంలాంటి ముద్ద, దానిమీద నల్లటి చుక్కలు దాని గుర్తులు. యాంటీబయాటిక్ ఆపి, చెవి శుభ్రం చేయించుకుని, క్లోట్రిమజోల్‌లాంటి ఫంగస్ మందు వాడాలి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లకు చుక్కలు వేస్తున్నా నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే, మూతి వంకరపోతే, ఇన్‌ఫెక్షన్ పుర్రె ఎముకకు పాకి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.