కౌంట్ బాగుంది, మరి ఐవీఎఫ్ ఎందుకు ఫలించలేదు?

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "వీర్యపరీక్షలో మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలున్నాయి, అంతా బాగుందన్నారు. అయినా రెండుసార్లు ఐవీఎఫ్ విఫలమైంది. ఫలితాన్ని ముందే చెప్పే పరీక్ష లేదా?"

ముందు ఆ 'బాగుంది' సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దు 1.6 కోట్లు. భార్య ఏడాదిలోపు గర్భం దాల్చిన మగవాళ్ల లెక్కలు తీసి, వారిలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత అది. పైన ఉన్నంత మాత్రాన హామీ లేదు.

ఒంగోలు పొగాకు వేలంలో వ్యాపారి బేళ్లు లెక్కపెట్టి ధర పాడడు. బేలు మధ్యలో చేయి పెట్టి ఆకు లాగి చూస్తాడు. మామూలు వీర్యపరీక్ష బేళ్ల లెక్క. అసలు సరుకు కణం తలలోని డీఎన్ఏ. వీర్యకణం తయారయ్యేటప్పుడు డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రోటీన్లు చాలావరకు తప్పుకుని, వాటి స్థానంలో ప్రోటమైన్లనే చిన్న ప్రోటీన్లు వచ్చి, గంధకపు బంధాలతో డీఎన్ఏను బిగించి కడతాయి. కట్టు వదులైతే ఆక్సీకరణ తగిలి పోగులు తెగుతాయి. పైకి మాత్రం బేలు నిండుగానే కనిపిస్తుంది. ఈ బేలు ఈదుతుంది కూడా!

దీన్ని విప్పి చూసేదే డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష. అందులో ఒక పద్ధతి ఇదీ. కణాలను అగరోజ్ జెల్‌లో పరిచి, ఆమ్లం పోసి, తర్వాత ప్రోటీన్లను తొలగిస్తారు. డీఎన్ఏ బాగుంటే తల చుట్టూ పెద్ద వలయంగా విచ్చుకుంటుంది. తెగి ఉంటే వలయం చిన్నదవుతుంది, లేదా అసలు ఉండదు. వందల కణాలు చూసి, డీఎన్ఏ తెగినవి ఎంత శాతమో కడతారు. 30 దాటితే ఎక్కువనే అంటారు.

కానీ పొగాకు బేలును విప్పాక మళ్లీ కట్టవచ్చు. విప్పిన కణం ఇక పనికిరాదు. ఇక్సీ అనే ఐవీఎఫ్ పద్ధతిలో అండంలోకి సూదితో ఎక్కించే కణాన్ని ఎవరూ పరీక్షించి ఉండరు, పరీక్షించింది దాని పక్కవాటిని. పైగా తెగిన పోగులను అండం కొంతవరకు అతుకుతుంది. భార్య వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. పిండం సొంత జన్యువులు 4–8 కణాల దశలో గానీ పని అందుకోవు కాబట్టి, తండ్రి వైపు నష్టం మూడో రోజు తర్వాతే బయటపడవచ్చు.

1980లో అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ ఈవెన్‌సన్ బృందం ఆబోతులు, ఎలుకలు, మనుషుల వీర్యకణాలను వేడిచేసి చూస్తే, సంతాన సామర్థ్యం తక్కువున్న వాటి డీఎన్ఏ తేలిగ్గా విడిపోయింది. ఆబోతు గురించి జోస్యం చెప్పడం సులువు. ఒక ఒంగోలు గిత్త వీర్యాన్ని వందల ఆవులకు వేసి ఎన్ని చూలు కట్టాయో లెక్కించవచ్చు. మనిషికి ఆ సౌకర్యం లేదు, ఫలితంలో భార్య అండం పాత్రను విడదీయలేం. అందుకే అమెరికా యూరాలజీ సంఘం ఈ డీఎన్ఏ పరీక్షను మొదటి పరీక్షగా సిఫారసు చేయదు. పదేపదే గర్భస్రావాలైతే చేయించమంటుంది.

అన్నట్టు, మనవైపు పిల్లలు పుట్టకపోతే రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు కోడలితోనే చేయిస్తారు. కొడుకును పరీక్షకు వెళ్లమనడానికి ఎవరికీ నోరు రాదు. చవకైన, నొప్పిలేని పరీక్ష అతనిదే!

రెండు వైఫల్యాల తర్వాత మీరు డాక్టరును ఈ డీఎన్ఏ పరీక్ష గురించి అడగడం సబబే. శాతం ఎక్కువ వస్తే సిగరెట్లు, వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం), ఇన్ఫెక్షన్ల వంటి కారణాలు వెతుకుతారు. వీర్యకణం తయారవడానికి రెండు నెలలకు పైనే పడుతుంది. సిగరెట్ మానిన నెలకే మళ్లీ పరీక్ష చేయిస్తే పాత సరుకే కనిపిస్తుంది. మూడు నెలలు ఆగి వెళ్లండి.