గౌట్ పుండుపై కొత్త చర్మం

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే, అది కరిగి ఉండలేక సూది ఆకారపు స్ఫటికాలుగా పేరుకోవడం మొదలవుతుంది. ఒంట్లో మిగతా భాగాలకంటే చల్లగా ఉండే పాదాలు, ముఖ్యంగా బొటనవేలి మొదటి కీలు, వాటికి అనువైన చోట్లు. ఇలా కీళ్లలో స్ఫటికాలు చేరి వాపు, నొప్పి తెచ్చే జబ్బే గౌట్. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దొరికే నెత్తళ్లు, కవళ్లు ఎక్కువగా తింటే యూరిక్ యాసిడ్ పెరగవచ్చు గాని, చాలామందిలో అసలు కారణం మూత్రపిండాలు దాన్ని తగినంతగా బయటికి పంపలేకపోవడమే.

ఏళ్ల తరబడి సరైన వైద్యం అందకపోతే ఆ స్ఫటికాలు టోఫస్ అనే గడ్డలవుతాయి. పైచర్మం పలచబడి చిట్లినప్పుడు తడి సున్నంలాంటి తెల్లటి ముద్ద బయటికి వస్తుంది. దాన్ని చీము అనుకొని నెలల తరబడి యాంటీబయాటిక్‌లతోనే సరిపెట్టుకునేవారిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. ఇలాంటి పుండు ఉన్నవారు సింహాచలం గిరి ప్రదక్షిణలో దాదాపు 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడవడం ఎంతమాత్రం మంచిది కాదు.

శస్త్రచికిత్సలో మొదటి పని శుభ్రం చేయడం. తెల్లటి పదార్థం స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) పోగుల మధ్య ఇరుక్కుని ఉంటుంది కనుక మొత్తం గీకి తీయాలని పట్టుబడితే స్నాయువే దెబ్బతింటుంది. అందువల్ల సర్జన్ తీయగలిగినంత తీసి, చుట్టూ ఉన్న రక్తప్రసరణను కాపాడతాడు. అడుగున రక్తప్రసరణ ఉన్న ఎర్రటి కణజాలం ఉంటే తొడ నుంచి తీసిన పలుచని చర్మం అతుక్కుంటుంది. పైపొర పోయిన ఎముక లేదా స్నాయువు బయటపడితే మాత్రం అది నిలవదు. అప్పుడు ఫ్లాప్ కావాలి, అంటే సొంత రక్తనాళాలతో కూడిన చర్మం, కొవ్వు భాగం. పిక్క వెనుక నుంచి చర్మాన్ని చీలమండ వైపు తిప్పి మడమను కప్పే సూరల్ ఫ్లాప్ ఇందులో బాగా వాడుకలో ఉన్నది. రక్తనాళాలుండే దాని మొదలు నలగకూడదు కాబట్టి కాలు ఎత్తులో ఉంచి, వేలితో నొక్కి వదిలినప్పుడు రంగు ఎంత త్వరగా తిరిగి వస్తుందో నర్సులు మాటిమాటికీ చూస్తారు; నీలిరంగు తేలితే సిరల్లో రక్తం నిలిచిపోతున్నట్టు లెక్క.

యూరిక్ యాసిడ్ తగ్గకుండా చర్మం కప్పితే దాని కిందే మళ్లీ స్ఫటికాలు చేరతాయి. గడ్డలున్నవారిలో దాన్ని 6 కంటే, తీవ్రంగా ఉంటే 5 కంటే తక్కువకు తేవాలి; 1966 నుంచి వాడుకలో ఉన్న అల్లోపురినాల్ ఇందుకు ప్రధాన మందు. కాబట్టి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి వెళ్లినవారు సర్జన్‌తోపాటు ఫిజీషియన్‌కూ తప్పక చూపించుకోవాలి. ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులకే మరో కీలు ఎర్రబడి వాచడం, జ్వరం రావడం గౌట్ వల్లనూ జరుగుతుంది, ఇన్ఫెక్షన్ వల్లనూ జరుగుతుంది. ఆ కీలులోని నీటిని తీసి పోలరైజ్డ్ సూక్ష్మదర్శిని కింద స్ఫటికాల కోసం, కల్చర్‌లో (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) సూక్ష్మజీవుల కోసం, రెండు విధాలా పరీక్షించాకే చికిత్స ఏమిటో తేల్చాలి.