టీవీ డిబేట్‌కు వీడియో ప్రశ్న పంపుతున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఒక తెలుగు న్యూస్ చానల్లో డిబేట్ల ప్రొడ్యూసర్‌ని. ఎన్నికలు వచ్చాయంటే నా పని సగం వాట్సాప్‌లోనే. ప్రేక్షకులు పంపిన వీడియో ప్రశ్నలు చూడాలి, ఏవి రన్‌డౌన్‌లో (షోలో ఏది ఎప్పుడు రావాలో రాసుకునే జాబితాలో) పెట్టాలో తేల్చాలి, వేసే ముందు పంపినవాళ్లతో మాట్లాడాలి. "పంపితే వేయలేదేంటండీ" అని అడిగే ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో చెప్పే మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఎవరైనా వీడియో పంపొచ్చు కాబట్టి డిబేట్ ఇక ప్రజల చేతికి వచ్చినట్టే.

వాస్తవం: ఈ మాట గట్టిగా వినిపించింది 2007లో, అమెరికాలో. డెమొక్రటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడాలనుకుంటున్న ఎనిమిది మందితో సీఎన్‌ఎన్, యూట్యూబ్ కలిసి జూలై 23న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో డిబేట్ పెట్టాయి. యూట్యూబ్ మొదలై అప్పటికి రెండేళ్లు దాటిందంతే. జనం సొంతంగా తీసి పంపిన 30 సెకన్ల వీడియోలే ప్రశ్నలు. దాదాపు 3,000 వచ్చాయి, తెర మీదికి వెళ్లినవి 39. నవంబర్ 28న ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిపబ్లికన్ల వంతు వచ్చింది. అప్పుడు 5,000 దాకా వస్తే 34 వేశారు. ఎంచింది సీఎన్‌ఎన్ వాళ్లే. ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత, ఎవరిని అడగాలి అన్నదీ వాళ్లే చూసుకున్నారు.

నూటికి ఒకటి తెర మీదికి వెళ్తే మిగతా తొంభై తొమ్మిదీ ఏమయ్యాయన్నది ప్రేక్షకులు అడగాల్సిన ప్రశ్న. ఎంచే కుర్చీలో కూర్చునేవాడిని కాబట్టి నాకు తెలుసు, అసలు అధికారం అక్కడే ఉంది. ఎన్ని వచ్చాయి, ఏయే సమస్యల మీద వచ్చాయి, దేన్ని చూసి ఎంచుకున్నారు అన్నది ప్రతి చానల్ డిబేట్ మొదట్లోనే చెప్పాలని నేను చాలాకాలంగా పోరుతున్నాను. ఒక నిమిషం పని అది.

అపోహ: అయితే ఓటింగ్ పెడితే సరి, ఎక్కువ ఓట్లొచ్చిన ప్రశ్నే అడగొచ్చు.

వాస్తవం: వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ 2007లో ఎక్కువమంది చూసిన ప్రశ్నల్లో ఒకటి, సినిమా నటుడు, అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ భూమిని కాపాడటానికి వచ్చిన సైబోర్గ్ (సగం మనిషి, సగం యంత్రం) అవునా కాదా అని. 2009 మార్చిలో వైట్‌హౌస్ ఒబామాను ఆన్‌లైన్‌లో ప్రశ్నలడగమని జనాన్ని పిలిచి, ఓట్లు కూడా వేయమంది. గంజాయిని చట్టబద్ధం చేయాలన్న ప్రశ్నలు పైకొచ్చాయి. అది అడగకూడని విషయమేం కాదు. కాకపోతే ఒక్కటిగా కదిలే గుంపు ఏ సమస్యకుంటే ఆ సమస్యే పైకి తేలుతుంది. మన దగ్గర ఓటింగ్ పెడితే పార్టీల సోషల్ మీడియా టీములు గంటలో లెక్క మార్చేస్తాయి.

మధ్యేమార్గం 2016లో ఒకటి కనిపించింది. సెయింట్ లూయిస్‌లో అక్టోబర్ 9న జరిగిన ట్రంప్-క్లింటన్ డిబేట్‌కు ముందు, ఆన్‌లైన్ ఓటింగ్‌లో పైకొచ్చిన 30 ప్రశ్నలను పరిశీలిస్తామని నిర్వాహకులు ఒప్పుకున్నారు. అలా వచ్చిన ప్రశ్న ఒకటి డిబేట్‌లో అడిగారు కూడా. జనం వడపోసినదాన్ని ఎడిటర్ చూడటం నాకు నచ్చిన పద్ధతి.

అపోహ: వీడియో వేస్తే ఏంటి, యాంకర్ చదివితే ఏంటి, ప్రశ్న ఒకటే కదా.

వాస్తవం: ఒకటి కాదు. చార్ల్‌స్టన్ డిబేట్‌లో క్యాన్సర్‌తో ఉన్న ఒకావిడ ఆరోగ్య బీమా గురించి అడుగుతూ, కెమెరా ముందే తల మీది విగ్గు తీసేశారు. సూడాన్‌లో మారణకాండ జరిగిన దార్ఫూర్ దగ్గరి శరణార్థి శిబిరం నుంచి ఒకాయన పిల్లల మధ్య నిలబడి అడిగారు. బ్రూక్లిన్ నుంచి ఇద్దరు ఆడవాళ్లు, మా ఇద్దరికీ పెళ్లి చేసుకునే హక్కు ఇస్తారా అని అడిగారు. అదే సంగతిని యాంకర్ చదివితే "స్వలింగ వివాహాలపై మీ వైఖరి ఏమిటి" అయిపోతుంది. దానికి అభ్యర్థి దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. ఎదురుగా మనిషి కనిపిస్తే ఆ తయారు జవాబు చెప్పడం కష్టం.

మా దగ్గరికి వచ్చినవాటిలో నేను మర్చిపోలేనిది 2024 లోక్‌సభ ఎన్నికలప్పటిది. ఒక డిగ్రీ అమ్మాయి బస్టాప్‌లో నిలబడి తీసింది. వెనక మూతపడ్డ టీ కొట్టు, గాలికి మాట సగం సగం వినిపిస్తోంది. "సార్, బస్సు ఫ్రీ అన్నారు, సంతోషం. మా కాలేజీ నాలుగున్నరకి వదులుతారు. మా ఊరి ఆఖరి బస్సు నాలుగుకే వెళ్లిపోతుంది. ఆ టైమ్ మార్చమని ఎవర్ని అడగాలి?" ఇరవై సెకన్లు కూడా లేదు. తిట్టలేదు, పొగడలేదు. తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మీద మేం అంతకుముందు గంటలకొద్దీ చేసిన చర్చల్లో ఈ సంగతి ఒక్కసారి కూడా రాలేదు.

అపోహ: నవ్వించే వీడియోలు డిబేట్ స్థాయిని దిగజారుస్తాయి.

వాస్తవం: 2007లో ఒక స్నోమ్యాన్ బొమ్మ గ్లోబల్ వార్మింగ్ గురించి అడిగింది. స్నోమ్యాన్‌కు జవాబు చెప్పడం అధ్యక్ష పదవికి తగదని రిపబ్లికన్ల తరఫున పోటీకి దిగిన మిట్ రామ్నీ అభ్యంతరం చెప్పారు. కానీ అడిగిన విషయం గట్టిదే. బొమ్మ ఉందా లేదా అని కాకుండా, బొమ్మను పక్కన పెడితే ప్రశ్న మిగులుతుందా అని నేను చూస్తాను.

అపోహ: వీడియోలో కనిపించేది సామాన్యుడే.

వాస్తవం: రిపబ్లికన్ డిబేట్‌లో ఒక రిటైర్డ్ బ్రిగేడియర్ జనరల్, గేలు సైన్యంలో పనిచేయడం గురించి అడిగారు. ఆయన డెమొక్రటిక్ పార్టీలో పోటీపడుతున్న హిల్లరీ క్లింటన్ ప్రచార కమిటీ ఒకదానిలో సభ్యుడని తర్వాత బయటపడింది. ముందే తెలిస్తే వేసేవాళ్లం కాదని సీఎన్‌ఎన్ చెప్పుకోవాల్సి వచ్చింది.

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో మాకూ ఇదే దెబ్బ తగిలింది. ధాన్యం తరుగు (కొనేటప్పుడు తూకంలో కోసే కోత) మీద ఒక రైతు ప్రశ్న వేశాం. లైవ్ నడుస్తుండగానే ప్యానెల్లో ఒకాయన తన ఫోన్ కెమెరాకు చూపించారు. అదే మనిషి, మెడలో పార్టీ కండువాతో ర్యాలీలో ఉన్నాడు. పీసీఆర్‌లో (షోను నడిపించే కంట్రోల్ రూమ్‌లో) ఎవరికీ నోట మాట లేదు. తరుగు సమస్య నిజమే. కానీ ఆ తర్వాత షో అంతా ఆ మనిషి చుట్టూనే తిరిగింది, వడ్ల ఊసే లేదు. నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆగేది.

అందుకే ఇప్పుడు ఎంచుకున్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, ఏ పార్టీలోనైనా ఉన్నారా అని సూటిగా అడుగుతాం. ఉంటే ఆ సంగతి తెర మీద రాసి వేస్తాం. పార్టీ మనిషి అయినంత మాత్రాన అడిగే హక్కు పోదు. దాచడమే తప్పు.

అపోహ: అమెరికాలోలా మన దగ్గరా వీడియో ప్రశ్నతో నాయకుడి మాట పట్టుకోవచ్చు.

వాస్తవం: అక్కడ జవాబు చెప్పేది అభ్యర్థే. ఇరాన్, సిరియా, వెనిజులా, క్యూబా, ఉత్తర కొరియా నేతలను అధ్యక్షుడైన మొదటి ఏడాదిలోనే షరతుల్లేకుండా కలుస్తారా అని చార్ల్‌స్టన్ డిబేట్‌లో ఒక వీడియోలో అడిగితే ఒబామా కలుస్తానన్నారు. తాను అలా మాట ఇవ్వనని హిల్లరీ అన్నారు. ఆ తేడా మీద వాళ్లిద్దరి మధ్య చాలాకాలం వాదన నడిచింది. మన స్టూడియోలకు వచ్చేది ఎక్కువగా అధికార ప్రతినిధులు, వాళ్లు మాట ఇచ్చే స్థితిలో ఉండరు. 2024 మేలో మాజీ న్యాయమూర్తులు మదన్ లోకుర్, అజిత్ పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి మోదీని, రాహుల్ గాంధీని బహిరంగ చర్చకు పిలిచారు. రాహుల్ సరేనన్నారు కానీ చర్చ జరగలేదు.

అపోహ: పోలింగ్ ముందు రోజు కూడా ప్రశ్నలు వేయొచ్చు.

వాస్తవం: పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ప్రచారానికి సంబంధించినవి చూపించకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 126. ఆలోగానే పంపండి.

అపోహ: వీడియో పడిందంటే మన పని అయిపోయినట్టే.

వాస్తవం: వీడియోకు ఉన్న పెద్ద లోటు ఇదే. హాల్లో ఉన్న మనిషైతే "అది కాదండీ నేనడిగింది" అనగలడు. వీడియో అనలేదు. నాయకుడు దారి తప్పించినా యాంకర్ పట్టుకోకపోతే ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది.

బస్సు అమ్మాయి విషయంలో అలా కాకూడదని ఆమెను ఫోన్ లైన్‌లో ఉంచాం. ప్రతినిధి మహాలక్ష్మి గురించి రెండు నిమిషాలు మాట్లాడారు. అయ్యాక యాంకర్ "ఏమ్మా, నీకు జవాబు దొరికిందా?" అని అడిగారు.

"లేదు సార్. ఎవర్ని అడగాలో చెప్పలేదు."

ప్రతినిధి అప్పుడు డిపో మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వమన్నారు, కాపీ తనకూ పంపమన్నారు. ఆ అమ్మాయి, "పేరు, నంబర్ చెప్పండి సార్, రాసుకుంటాను" అంది.